చప్పుడు లేని మేళం

కుప్పం,
ఆదివారం మధ్యాహ్నం.

అన్న మునెప్పకు చెల్లెలు గంగ కాళ్లకు మొక్కి రాస్తున్న ఉత్తరం.

నేనిక్కడ బాగున్నాను. అక్కడ నువ్వూ వదినా పాపా బాగున్నారని తలుస్తున్నాను. చూడి ఆవు ఈనిందా? వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? నీ చెవిలో హోరు తగ్గిందా? డాక్టరు రాసిచ్చిన చుక్కలు మానేయకు. వినికిడి రాకపోయినా హోరైనా తగ్గుతుందని ఆయన చెప్పాడు కదా. నువ్వు రెండు రోజులు వేసుకుని మూడో రోజు సీసాను కిటికీలో పెట్టి మరిచిపోతావని నాకు తెలుసు. పాప పలక మీద రాసి గుర్తు చేస్తోందంటే సంతోషం.

మెసేజ్ పెడితే సరిపోదా, ఇంతింత ఉత్తరాలు దేనికి అని వదిన అడిగిందట. ఫోన్లో మాట్లాడితే నీకు వినిపించదు. మెసేజ్ పెడితే నువ్వు "సరే" అని ఒక్క మాట కొట్టి ఊరుకుంటావు. ఉత్తరమైతే అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదువుతావు, జవాబు కూడా పెద్దదిగా రాస్తావు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ వానలు ఇంకా వదల్లేదు. పెద్ద వానలు కావు, రోజంతా సన్న తుంపర. మన పుంగనూరు కంటే ఇక్కడ చలి ముందే మొదలైంది. పొద్దున బస్సు కోసం నిలబడితే చేతులు కొంగులో దాచుకోవాల్సి వస్తుంది. గది మాత్రం బాగుంది. ఇంటావిడ మంచి మనిషి, తమిళం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. వచ్చిన కొత్తలో కూరగాయల బండి దగ్గర నేను తెలుగులో అడిగితే బండివాడు తమిళంలో చెప్పేవాడు, పక్కనున్న ఆమె కన్నడంలో బేరం చేసేది. నాకు తల తిరిగేది. ఇప్పుడు ముగ్గురి మాటా అర్థమవుతోంది. రైలు కూత కూడా అలవాటైపోయింది. మన ఊరికి రైలు లేదు కాబట్టి మొదట్లో కూత వినపడగానే చేస్తున్న పని ఆపి వినేదాన్ని. ఇప్పుడు ఏ బండి ఆలస్యంగా వచ్చిందో కూడా చెప్పగలను.

తిండికి లోటు లేదు. సంగటి నేనే చేసుకుంటున్నాను. సంగటిలోకి వదిన నూరి పంపిన చింతకాయ ఊరుబిండి అయిపోయింది. సెల్వి సగం తినేసింది. సెల్వి అంటే పాలలో వెన్న శాతం చూసే అమ్మాయి, కిందటి ఉత్తరంలో రాశాను. ఎవరైనా ఇటు వస్తూ ఉంటే ఇంకో చిన్న డబ్బా పంపమని వదినతో చెప్పు.

డెయిరీ ఆఫీసులో పని కూడా కుదురుకుంది. ఊళ్ల నుంచి వచ్చే పాల లెక్కలు కంప్యూటర్లో ఎక్కించడం, రైతులకు తెలుగులో చీటీలు కొట్టి ఇవ్వడం. పొద్దున హడావుడి. పాల లారీ వెళ్లిపోయాక మధ్యాహ్నం కాస్త తీరిక. ఆ తీరికలోనే ఆ ఆట మొదలైందని నీకు ముందే చెప్పాను. ఇప్పుడు ఆ ఆట సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి. అందులో నీ వాటా నా వాటాకంటే ఎక్కువ.

మా అకౌంట్లు చూసే నాగరాజప్ప సార్ వయసులో ఉండగా బెంగళూరులో పని చేశారు. అప్పటి ఆట అది. ఒక కంప్యూటర్ పాడయ్యే ముందు ఇంకో కంప్యూటర్లోకి ఎక్కించుకుంటూ ఇన్నేళ్లు కాపాడుకున్నారు. నల్లటి తెర, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, అంతే. బొమ్మ లేదు, చప్పుడు లేదు. నువ్వొక పాటగాడివి అంటుంది. ఒక జట్టు కట్టుకోవాలి. ఈ వారం సాధన చేస్తావా, కచేరీ చేస్తావా, పాట రికార్డు చేస్తావా, ఊరుకుంటావా అని అడుగుతుంది. నంబరు నొక్కితే ఏమైందో రెండు మాటల్లో చెబుతుంది. జనం చప్పట్లు కొట్టారు అంటుంది, లేదా లేచి వెళ్లిపోయారు అంటుంది.

మొదటి రోజు నాకు నవ్వొచ్చింది. "ఏంది సార్, పాట ఆట అంటారు, పాటే యినపడదే" అన్నాను.

"పాట మనమే అనుకోవాల మ్మా. జనం చప్పట్లు కొట్టినారంటే ఏం పాడింటాడో నువ్వే అనుకో" అన్నారు సార్.

జట్టుకు పేరు పెట్టమంటే పుంగనూరు మునెప్ప మేళం అని కొట్టాను. ఆటకు అంత పొడుగు పేరు పట్టదట. "పుంగనూరు ము" దగ్గర ఆగిపోయింది. సెల్వి తన జట్టుకు ఇడ్లీ అని పెట్టింది. ఇడ్లీకి పేరొచ్చింది, పట్నాల్లో కచేరీలొచ్చాయి. నా "పుంగనూరు ము" మాత్రం ఎప్పుడూ నడిమధ్యలో కూలిపోయేది. వచ్చిన కచేరీ ఒక్కటీ వదలకుండా ఒప్పుకునేదాన్ని. ఆరోగ్యం దిగిపోయి పాటగాడు మంచాన పడేవాడు. డ్రమ్ము వాయించేవాడు జట్టు విడిచి పోయాడని తెర మీద పడేది. మళ్లీ మొదటి నుంచి.

ఈ సంగతి రాస్తే నువ్వేం జవాబు రాశావో నీకు గుర్తుండే ఉంటుంది. "వారమంతా కచేరీలు పెడితే ఎవడైనా పడిపోతాడు. ఊపిరికి ఒక పూట విరామం ఉండాలి. అయినా అదేం వాద్యం, పీక నానబెట్టే పూట కూడా లేని ఆట అది" అని రాశావు.

ఆ కాగితాన్ని సార్‌కు చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చదివారు. పీక అంటే ఏమిటని అడిగారు. నాదస్వరం మొనలో పెట్టే రెల్లు పీక అని, నానకుండా నోట్లో పెడితే పలకదని, నువ్వు నాకు చిన్నప్పుడు చెప్పిందంతా చెప్పాను.

"మీ అన్న చెప్పేది న్యాయమే మ్మా. ఇది వాళ్ల దేశం ఆట. మన మేళం సంగతి దీనికేం తెలుస్తుంది?" అన్నారు. ఆ కాగితం నాకు తిరిగిచ్చి, "ఆటంటే ఏముండాది, పైన మాటలు, కింద కూడికలు. కూడికలు నేను పెడతాను. మాటలు మీ అన్నను రాయమను" అన్నారు.

అలా నిన్ను మాటలడిగాను. నువ్వు రాస్తావని నిజంగా అనుకోలేదు. వినికిడి పోయిన నాటి నుంచి మేళం మాట ఎత్తితేనే లేచి ఆవుల దగ్గరికి పోయేవాడివి. వారం తిరక్కుండా లావుపాటి కవరు వచ్చేసరికి, పోస్టువాడు వేరేవాళ్లది నాకిచ్చాడేమో అనుకున్నాను. వదిన ఫోన్ చేసి ఇంకో మాట చెప్పింది. "మీ అన్న అటక మీద నుంచి నాదస్వరం దించి తుడస్తాండాడు మ్మే. ఆటలో రాయాలంట, పీక ఎంతసేపు నానాలో చూస్తాండాడంట" అంది. ఆమె గొంతు వింటుంటే నాకు కడుపు నిండింది. మిగిలిన సంగటి అలాగే మూత పెట్టేశాను.

నీ మాటలన్నీ నేనే కూర్చుని కొట్టాను. పాత ఆటలో తెలుగు అక్షరాలు పడవని సార్ కొత్త కంప్యూటర్లో వేరేగా కట్టారు. తెర మాత్రం నల్లగానే ఉంచారు. నల్లగా లేకపోతే ఆయనకు ఆటలా అనిపించదట. ఇప్పుడు మన ఆటలో ఊళ్లన్నీ మనవే. మొదట పుంగనూరులో చిన్న కల్యాణాలు. పేరొస్తే మదనపల్లె కల్యాణ మండపాలు. పెద్దమండ్యం తిరునాళ్లు. పెద్దతిప్పసముద్రం పెళ్లి, అక్కడి బస్సు కోసం పడే తిప్పలు. కుప్పం జాతర మాత్రం నేనే చేర్చమన్నాను.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మొదటిసారి అందరం చేరి ఆడాం. సెల్వికి తెలుగు చదవడం రాదు. నేను పైకి చదివితే తను నంబరు చెప్పింది. ముందురోజే కచేరీ అయింది, ఇప్పుడు పెద్దతిప్పసముద్రంలో ముహూర్తం ఉంది, పోతావా, వేరే మేళాన్ని పంపమంటావా అని అడిగింది ఆట. పోతాను అంది సెల్వి. అప్పుడు నువ్వు రాసింది పడింది. "ముహూర్తం దాకా ఊపిరి నిలిచింది. గట్టిమేళం అన్నారు. ఆ ఒక్క చోట నిలవలేదు. డోలు ఎత్తుకున్నందున ఎవరికీ తెలియలేదు. నీకు తెలిసింది."

సెల్వి నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. "పాపం గంగా, ఇంకోసారి ఆడతాను. ఈసారి పోను" అంది. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ అన్నకు యినపడదంటావు. ఈ గదిలో ఎవరికీ యినపడలేదు గదా ఆ మేళం. అయినా అందరం యిన్నాం" అన్నారు. ఆ మాట నీకు చెప్పమని ఆయనే అన్నారు, చెప్పేశాను.

ఇక అసలు సంగతి. నేను చెంగప్ప మామను చూశాను. పేరు చూడగానే ఉత్తరం మడిచేయకు అన్నా, చివరిదాకా చదువు. ఆయన పెళ్లయిన ఏడాది నుంచీ నీ ఎడమ పక్కన నిలబడి డోలు వాయించిన మనిషి. నీకు వినికిడి తగ్గి నువ్వు ముహూర్తాలు వద్దనడం మొదలుపెట్టాక, ఒక మాటైనా చెప్పకుండా మదనపల్లె బ్యాండులో చేరిన మనిషి. అప్పటి నుంచి మన గడప తొక్కలేదు. ఆయన పేరెత్తితే నువ్వు తిట్టేవాడివి కాదు. తిట్టినా బాగుండేదని వదిన అంటుంది.

నిన్న శనివారం మా ఆఫీసు వీధి చివరి మండపంలో పెళ్లి జరిగింది. మదనపల్లె నుంచి బ్యాండు వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బ్యాండు వాళ్లు మా డెయిరీ గేటు దగ్గర మజ్జిగ ప్యాకెట్లు కొనుక్కుంటున్నారు. నేను చీటీలు ఇవ్వడానికి బయటికి వస్తే, ఎర్ర కోటు, బంగారు రంగు అంచులు, భుజాన సైడ్ డ్రమ్ము పట్టీ. ముఖం చూస్తే చెంగప్ప మామ. నన్ను చూసి అటు తిరిగాడు.

"మామా, నేను గంగను" అన్నాను.

"తెలుసు మ్మా" అన్నాడు. ఇటు తిరగలేదు. "ఈడ ఉండావా నువ్వు?"

"ఈ ఆఫీసులోనే పని చేస్తాండాను. బాగుండారా?"

"బాగుండాను. పెద్ద పిల్లోడు ఐటిఐ సదువుతాండాడు." కాసేపు మజ్జిగ ప్యాకెట్ మూల కొరుకుతూ నిలబడ్డాడు. తర్వాత, "అన్న వాయిస్తాండాడా?" అని అడిగాడు.

లేదని చెప్పాలంటే నోరు రాలేదు. అవునని అబద్ధం చెప్పలేను. "మేళం గురించి రాస్తాండాడు మామా. లోపలికి రా, సూపిస్తాను" అన్నాను.

ఆయన వాకిట్లోనే ఆగాడు. కోటు వేసుకుని ఆఫీసులోకి ఎట్ల వచ్చేది అన్నాడు. సార్ లోపలి నుంచి చూసి, "కోటుకేం, మాకంటే నీదే బాగుండాదప్పా, రా" అని పిలిచారు. వచ్చాడు. డ్రమ్మును తలుపు పక్కన పెట్టి నా కుర్చీ అంచున కూర్చున్నాడు. సెల్వి తెర ఆయన వైపు తిప్పింది.

చెంగప్ప మామ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. పీక నానబెట్టే దగ్గర నవ్వాడు. "ఇది మునెప్పన్న మాటే. తొందర పెడితే నా మీద కసిరేవాడు" అన్నాడు. నంబర్లు తనే నొక్కాడు. ఆయన నొక్కేది చూస్తే నాకు ముచ్చటేసింది, ఒక్క వేలితో, డోలు మీద దరువు వేసినట్టు గట్టిగా. పుంగనూరు కల్యాణాలు దాటించాడు. పెద్దమండ్యం తిరునాళ్లలో పేరు తెచ్చుకున్నాడు. బ్యాండు వాళ్లు గేటు దగ్గర నుంచి కేక వేస్తే, "వస్తాండాను, ఉండండి" అని చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత నువ్వు రాసిన ఆ చోటు వచ్చింది. అక్కడికి వస్తుందని నాకు తెలుసు. ఆపుదామా అనుకున్నాను. ఆపలేదు. ఆయన పైకే చదివాడు.

"నీ డోలు మనిషి వేరే మేళానికి పోయినాడు. పోయే ముందు చెప్పలేదు. చెప్పివుంటే నువ్వు వద్దనేవాడివి, ఆయన ఆగిపోయేవాడు. రెండిళ్లలోనూ పొయ్యి వెలిగేది కాదు. ఇప్పుడేం చేస్తావు? ఒకటి, కొత్త మనిషిని వెదుకుతావు. రెండు, ఇంక వాయించనంటావు. మూడు, ఆయన ఇంటికి పోతావు."

చదివి, మొదటి వరుస కింద వేలు పెట్టి మళ్లీ తనలో తానే చదువుకున్నాడు. సెల్వికి మాటలన్నీ అర్థం కాలేదు గానీ ఏదో ఉందని తెలిసి తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"ఇది అన్నే రాసినాడా?" అన్నాడు చివరికి.

"ఆయన చేత్తోనే రాసి పంపినాడు మామా."

"నా మీద కోపం లేదంటాడా అయితే?"

"నాకేం తెలుసు? రాసింది మాత్రం ఇదే."

ఆయన వేలు కాసేపు తెర ముందు ఆగింది. తర్వాత మూడు నొక్కాడు.

తెర నల్లగా అయిపోయింది. ఒక్క అక్షరం పడలేదు. మూల చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆయన కంగారు పడ్డాడు. "ఏమైంది మ్మా, సెడిపోయిందా? నేనేమైనా తప్పు నొక్కినానా?"

చెడిపోలేదు. ఒకటికీ రెండుకూ ఏమవుతుందో నువ్వు రాశావు గానీ మూడుకు ఏమీ రాయలేదు. కాగితంలో అక్కడ ఖాళీ వదిలేశావు. సార్ కూడా ఖాళీగానే ఉంచారు. అదే చెప్పాను. "అన్న ఇంకా రాయలేదు మామా. ఆడికి పోతే ఏమవుతుందో ఆయనకు తెలియదేమో."

చెంగప్ప మామ ఆ నల్లటి తెర వైపే చూస్తూ, "ఎట్ల రాస్తాడు?" అన్నాడు. "ఆయనెందుకు రావాల నా ఇంటికి? పోవాల్సింది నేను గదా."

లేచి డ్రమ్ము భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి అడిగాడు. "నేను మాట్లాడితే యినపడదు గదా ఆయనకు. ఎట్ల సెప్పేది?"

"పాప పలక మీద రాస్తుంది మామా. లేదంటే ఊరికే పక్కన కూర్చో, సాలు" అన్నాను.

తల ఊపాడు. మంగళవారాల్లో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ రోజు వస్తానన్నాడు. రేపొచ్చే మంగళవారం కాదు, ఆ పై మంగళవారం. రేపొచ్చేది పిల్లోడి కాలేజీ పని ఉందట. మదనపల్లె నుంచి పొద్దున బస్సుకు వస్తాడు. నేను నీకు చెప్పేస్తానని ఆయనకు తెలుసు, చెప్పొద్దని అనలేదు.

అన్నా, నువ్వేం చేయాలో నేను చెప్పేంతటిదాన్ని కాదు. అయితే ఆయన వచ్చినప్పుడు ఆవుల దగ్గరికి పోవద్దు. టీలో చక్కెర ఎక్కువ వేయమని వదినతో చెప్పు, ఆయనకు అట్లే ఇష్టం, పెళ్లిళ్లలో నేను చూసేదాన్ని కదా. మళ్లీ వాయిస్తారా లేదా అని నేనడగను. అది మీ ఇద్దరి సంగతి. ఆయన వచ్చి పోయాక ఆ మూడో నంబరు కింద ఏం పడాలో నీకే తెలుస్తుంది. ఒక్క మాటైనా సరే రాసి పంపు, సార్ రోజూ అడుగుతున్నారు. సెల్వి కూడా అడుగుతోంది. ఊరుబిండి డబ్బాలోనే ఆ కాగితం పెట్టి పంపినా పర్లేదు, నూనె అంటకుండా కవరులో పెట్టు.

నేను సంతోషంగానే ఉన్నాను. ఒంటరిగా ఉందేమో అని బెంగపెట్టుకోకు. సాయంత్రాలు కాస్త ఖాళీగా అనిపించే మాట నిజమే, మీరు పక్కన లేరనిపిస్తుంది, అంతే. ఒంట్లో బాగుంది, వేళకు తింటున్నాను, తుంపరలో తడవడం లేదు. వదినకు, పక్కింటి అవ్వకు నా నమస్కారాలు. పాపకు ముద్దులు. చెవి చుక్కలు మరిచిపోకు.

నీ దీవెన నాకు చాలు.

నీ చెల్లెలు,
గంగ